రోడ్ బైకుకి ఏ వెడల్పు టైరు వేసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే ఒక మాట, ఇక్కడ బైకు అంటే పెట్రోలు బండి కాదు, వంకర హ్యాండిల్ ఉండే రోడ్ సైకిలు. ఆదివారం పొద్దున రైడ్ మధ్యలో టీకి ఆగామంటే చాలు, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు వంగి నా చక్రం చూసి "అన్నా, నీవి ఎన్ని ఎం.ఎం.?" అని మొదలుపెడతారు. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. పదేళ్ళలో 23 నుంచి 25కి, 25 నుంచి 28కి వచ్చినవాణ్ణి, ఇప్పుడు ఒక బండికి 32 ఉంది. కాబట్టి నా మొగ్గు ఎటో మీకే అర్థమైపోతుంది.

సోదంతా వద్దు, ఒక్క నంబరు చెప్పండి.

28. మీ ఫ్రేములో 32 పడితే, రోజూ తిరిగేది మన మామూలు రోడ్ల మీదైతే, 32. ఫ్రేములో 25 కంటే పట్టకపోతే 25 వేసుకుని, గాలి సరిగ్గా పెట్టుకోండి. ఇవాళ 23 కొనడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించట్లేదు, మీ పాత ఫ్రేములో అంతకు మించి దూరకపోతే తప్ప.

టైరు పక్కన 700×28C అనీ, 28-622 అనీ రెండు రకాలుగా రాసి ఉంది. ఏది చూడాలి?

రెండోది చూడండి. 28 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 622 అంటే రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, అదీ మిల్లీమీటర్లలోనే. 700 అనేది పాత ఫ్రెంచి లెక్క, ఇప్పుడు దాన్ని కొలిచినా 700 రాదు. ఆ C అనే అక్షరమూ ఆ కాలం నాటిదే. ఇంకో తమాషా ఏమిటంటే మౌంటెన్ బైకుల 29 అంగుళాల చక్రం కూడా 622నే, పేరు ఒక్కటే వేరు. 650బీ అని కనిపిస్తే అది 584, మీ చక్రానికి పట్టదు.

షాపులో "28 టైరు ఇవ్వండి" అంటే ఇచ్చారు, ఇంటికొచ్చి చూస్తే ఎక్కట్లేదు. ఎందుకు?

ఇది నవ్వుకోవాల్సిన విషయమే కానీ నాకూ జరిగింది. మన ఊళ్ళలో సైకిల్ షాపాయనకి 28 అంటే ఒకటే గుర్తొస్తుంది, తాతల కాలం నాటి పెద్ద నల్ల సైకిలు, పాలక్యాన్లు కట్టుకుని తిరిగేది. దాని టైరు 28×1½, అంటే అంగుళాలు. దాని రిమ్ము వ్యాసం 635, మనది 622. పదమూడు మిల్లీమీటర్లు తేడా, కాబట్టి ఆ టైరు మన రిమ్ము మీద వదులుగా తిరుగుతుంది తప్ప కూర్చోదు. తప్పు ఆయనది కాదు, ఆయన ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్న 28 అదే. పాత టైరు చేత్తో పట్టుకెళ్ళి 622 అన్న అంకె చూపించి అడగండి, గొడవ ఉండదు.

సన్న టైరైతే స్పీడు ఎక్కువ కదా, లావు టైరు వేస్తే బండి లాగదు కదా?

అందరూ నమ్మేది ఇదే, నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

టైరు ఎంత మేర రోడ్డుకి ఆనుతుందనేది దాదాపుగా రెండిటి మీదే ఆధారపడుతుంది, మీద పడే బరువు, లోపల గాలి. మనిషి 70 కిలోలు, బండి 10, నీళ్ళ సీసాలూ బ్యాగూ 2 అనుకుందాం, మొత్తం 82. ఇందులో వెనక చక్రం మీద పడేది సుమారు 45 కిలోలు. గాలి ఒత్తిడి 75 పీఎస్‌ఐ (పంపు మీటరు మీద కనిపించే అంకె) ఉంటే రోడ్డుకి ఆనే చోటు ఎనిమిదిన్నర చదరపు సెంటీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు ఒక క్యారమ్ కాయిన్ అంత. టైరు 23 అయినా 28 అయినా, గాలి ఒకటే అయితే ఆ చోటూ అంతే, కాకపోతే ఆకారం మారుతుంది. సన్న టైరుకి అది పొడుగ్గా, సన్నగా ఉంటుంది, లావు టైరుకి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పొడుగ్గా ఆనినప్పుడు టైరు పక్కలు ఎక్కువ మేర వంగి లేవాలి, ఆ వంగి లేచేటప్పుడే రబ్బరు మన శక్తిని వేడిగా తినేస్తుంది. అందుకే ఒకే రకం టైరు, ఒకే గాలి అయితే లావుదే తేలిగ్గా దొర్లుతుంది.

"మరి లావు టైరులో గాలి తక్కువ పెడతాం కదా" అంటారు. నిజమే, పెడతాం. అప్పుడు అద్దంలాంటి నున్నటి తలం మీద రెండూ ఇంచుమించు సమానం అయిపోతాయి. కానీ మన రోడ్డు అద్దమా? గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ప్రతి చిన్న గతుక్కీ బండినీ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. ఆ ఎగరేయడానికి కావలసిన శక్తి మీ కాళ్ళ నుంచి పోయేదే. బండి దడదడలాడుతుంటే స్పీడుగా పోతున్నట్టు అనిపిస్తుంది, అదంతా భ్రమ. నేను 23 మీద 110 పీఎస్‌ఐ కొట్టుకుని తిరిగిన రోజుల్లో రైడ్ అయ్యాక ఫోను లాక్ తీయడానికి కూడా వేళ్ళు పని చేసేవి కావు, అంత తిమ్మిరి. అది ఫిట్‌నెస్ లోపం అనుకునేవాణ్ణి.

సన్న టైరుకి ఒక్క చోట నిజంగా లాభం ఉంది, గాలిని చీల్చుకుపోవడంలో. గంటకి 35 పైన తొక్కేవాళ్ళకి, ఎత్తు రిమ్ములున్నవాళ్ళకి అది లెక్కలోకి వస్తుంది. రిమ్ము బయటి వెడల్పు టైరు వెడల్పు కంటే కనీసం ఐదు శాతం ఎక్కువ ఉండాలని ఒక లెక్క వాడుకలో ఉంది. అలాంటి రిమ్ములు లేని మిగతావాళ్ళం దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ప్రొఫెషనల్ రైడర్లు ఏం వాడుతున్నారు?

2010 ప్రాంతంలో వాళ్ళూ 23 మీదే. తర్వాత 25, ఇప్పుడు మామూలు రేసుల్లో 28 సర్వసాధారణం, కొందరు 30 దాకా పోతున్నారు. రాళ్ళు పరిచిన దారుల్లో జరిగే పారిస్-రూబేలో 30, 32 కనిపిస్తాయి. వాళ్ళ వెనక కారులో మెకానిక్ ఉంటాడు, మన వెనక ఎవరూ లేరు, అది కూడా గుర్తుంచుకోండి.

నా ఫ్రేములో ఎంత వరకు పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

ముందు కంపెనీ సైటులో మీ మోడల్‌కి టైరు గరిష్ఠ వెడల్పు ఎంత రాశారో చూడండి, అది రాసి ఉంటే వాదన లేదు. దొరక్కపోతే ఇప్పుడున్న టైరుతో కొలవండి. దానికి వెర్నియర్ అక్కర్లేదు, మీ దగ్గరున్న అలెన్ కీల సెట్టు చాలు. 4 ఎం.ఎం. అలెన్ కీ తీసుకుని టైరుకీ ఫ్రేముకీ మధ్య దూర్చండి, చక్రం తిప్పండి. టైరు తగలకుండా తిరిగితే ఆ చోటులో నాలుగు మిల్లీమీటర్లు ఉన్నట్టు. చూడాల్సిన చోట్లు ఇవి: ముందు ఫోర్కు పైభాగం లోపల, ఫోర్కు రెండు కాళ్ళ మధ్య, వెనక పెడల్ దగ్గర ఫ్రేము గొట్టాలు కలిసే సందు, సీటు గొట్టం వెనక, రిమ్ము బ్రేకులైతే బ్రేకు కింద. కొత్త టైరు వేశాక కూడా అన్ని వైపులా ఆ నాలుగు మిగలాలి. టైరు వెడల్పు మూడు పెరిగితే ఒక్కో పక్క ఒకటిన్నర తగ్గుతుంది, ఎత్తు కూడా పెరుగుతుందని మర్చిపోకండి.

ఈ ఎత్తు దగ్గరే నేను మోసపోయాను. పాత రిమ్ము బ్రేకుల బండికి ఆన్‌లైన్‌లో 32 తెప్పించాను. గాలి లేకుండా పెట్టి చూస్తే హాయిగా తిరిగింది, సంబరపడి పాత టైర్లు ఎవరికో ఇచ్చేశాను కూడా. గాలి కొట్టాక బ్రేకు కింద గీసుకోవడం మొదలైంది. 28కి మారి ఊరుకోవచ్చుగా, లేదు, గాలి కొంచెం తగ్గించి అలాగే చేవెళ్ళ వైపు బయల్దేరాను. ఆ దారి మర్రిచెట్ల నీడలో ఎంత బాగుంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. ముందు రోజు రాత్రి వాన పడింది, ఓ చోట రోడ్డు దిగి పక్క మట్టిలోంచి పోవాల్సి వచ్చింది. ఆ మట్టి టైరుకి పట్టి బ్రేకు కింద ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోయింది. ఒక చెట్టు కింద కూర్చుని పుల్లతో గోక్కుంటూ గంట గడిపాను. వాడిన టైరు వెనక్కి తీసుకోం అన్నారు అమ్మినవాళ్ళు, న్యాయమే.

పాత రిమ్ము బ్రేకులు చాలావాటికి 25 దగ్గరే ఆగిపోతుంది, షిమానో 105 ఆర్7000 లాంటి ఇటీవలివైతే 28 వరకు సరే. డిస్కు బ్రేకుల బండ్లకి ఈ గొడవ చాలా తక్కువ, ఫ్రేము ఒక్కటి చూసుకుంటే చాలు.

28 అని కొన్నాను, కొలిస్తే 30 వచ్చింది. నకిలీ టైరా?

నకిలీ కాదు, మీ రిమ్ము వెడల్పు ఎక్కువ. ఒకే టైరు సన్న రిమ్ము మీద సన్నగా, వెడల్పు రిమ్ము మీద లావుగా కూర్చుంటుంది. రిమ్ము లోపలి వెడల్పు ఒక మిల్లీమీటరు పెరిగితే టైరు సుమారు 0.4 పెరుగుతుందని లెక్కేసుకోండి. పాత రిమ్ములు లోపల 13, 15 ఉండేవి, తర్వాత 17, 19 అయ్యాయి, ఇప్పుడు 21, 23, 25 కూడా వస్తున్నాయి. 19 రిమ్ముకి లెక్కగట్టిన 28 టైరు 15 రిమ్ము మీద 26న్నర దగ్గర ఉంటుంది, 23 రిమ్ము మీద 29న్నర దాటుతుంది. అందుకే స్నేహితుడి బండిలో 28 పట్టింది కాబట్టి మీ బండిలోనూ పడుతుందని కొనకండి. టైరు మీద రాసిన అంకె ఒకటి, గాలి కొట్టి ఒక రాత్రి ఆగాక కొలిచిన అంకె ఇంకొకటి, ఫ్రేముకి తగిలేది రెండోదే.

హుక్‌లెస్ రిమ్ములకి ఏదైనా తేడా ఉందా?

ఉంది, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆ రిమ్ములకి టైరు అంచుని పట్టుకునే కొక్కెం ఉండదు. గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు, టైరు కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని దాని మీద రాసి ఉన్న ట్యూబ్‌లెస్ టైరే అయ్యుండాలి. రిమ్ము కంపెనీ ఇచ్చిన టైర్ల జాబితాలో లేనిది పెట్టకండి. 90 కిలోల మనిషి హుక్‌లెస్ మీద 25 వేసుకుని గాలి చాలట్లేదని ఇంకా కొట్టడం అనేది పళ్ళు రాలగొట్టుకునే పని.

గాలి ఎంత పెట్టాలి?

నిజం చెప్పాలంటే వెడల్పు కంటే ఇదే ముఖ్యం. 32 వేసుకుని దాన్లో 100 కొట్టుకునేవాళ్ళని చూశాను, దానికంటే 25 సరిగ్గా గాలి పెట్టుకున్నవాడు సుఖంగా ఉంటాడు.

పైన చెప్పిన 82 కిలోల లెక్కకి, ట్యూబుతో, మామూలు తారు రోడ్డు మీద నేను మొదలుపెట్టమనేది ఇలా: 25కి వెనక 85 నుంచి 90, 28కి వెనక 75, 32కి వెనక 60. ముందు చక్రంలో ప్రతిదానికీ ఐదు తక్కువ. మీరు దీనికంటే ఐదు కిలోలు ఎక్కువుంటే నాలుగు పీఎస్‌ఐ పెంచండి, తక్కువుంటే తగ్గించండి. అక్కణ్ణుంచి రైడుకి రెండు మూడు చొప్పున తగ్గించుకుంటూ పోండి. మలుపులో టైరు మెత్తగా జారుతున్నట్టు అనిపించినా, గతుకులో రిమ్ము ఠంగుమని తగిలినా నాలుగు పెంచి అక్కడ ఆగండి. టైరు మీద గరిష్ఠం 115 అని రాసి ఉంటే అది దాటొద్దని హెచ్చరిక, అంత కొట్టమని సలహా కాదు.

పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవచ్చా?

మన సన్న వాల్వుకి, అంటే ప్రెస్టా వాల్వుకి బంకు పైపు నేరుగా పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. జేబులో ఒకటి పడేసుకోండి, చాక్లెట్ ఖరీదు చేయదు. కానీ బంకుల్లో మీటరు కార్ల కోసం, 30, 35 దగ్గర సరిగ్గా ఉంటుంది, 75 అడిగితే అబ్బాయి మిమ్మల్ని వింతగా చూస్తాడు. మీటరున్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోవడమే దారి. సన్న టైర్లలో గాలి త్వరగా దిగుతుంది, వారానికి ఒకసారైనా చూసుకోవాలి.

వెడల్పు టైరు వేస్తే పంక్చర్లు తగ్గుతాయా?

ఏ పంక్చరు అన్నదాన్ని బట్టి. ట్యూబులో పక్కపక్కన రెండు చిల్లులు కనిపిస్తే అది పాము కాటు పంక్చర్, గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పడేది. మన కాలనీ రోడ్ల మీద రాత్రికి రాత్రి వెలిసే స్పీడ్ బ్రేకర్లు, మెయిన్ రోడ్డు మీద వరసగా ఐదారు పరిచే తెల్ల గీతలు, మూత కిందికి దిగిపోయిన మ్యాన్‌హోళ్ళు, ఇవన్నీ దీనికి కారణాలే. 23 మీద నాకు ఏడాదికి నాలుగైదు పడేవి, 28కి వచ్చాక దాదాపు లేవు.

గుచ్చుకునే పంక్చర్ల సంగతి వేరు. రోడ్డు పక్క పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, హైవే అంచున లారీ టైర్లు పేలి చెదిరిన స్టీలు తీగ ముక్కలు, వీటికి మీ టైరు 25 అయినా 32 అయినా ఒకటే. ఆ తీగ ముక్క వెంట్రుక మందాన ఉంటుంది, కంటికి కనపడదు. ట్యూబు మార్చి ఎక్కితే పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది. టైరు లోపల దూదిముక్క కానీ పాత గుడ్డ కానీ పెట్టి గుండ్రంగా తిప్పండి, తీగ ఉన్న చోట పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలే తెగుతుంది, నాకు తెగింది. ఈ బాధ తగ్గాలంటే పంక్చర్ రక్షణ పొర ఉన్న టైరు, లేదా ట్యూబ్‌లెస్‌లో సీలెంటు. వెడల్పు టైరులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి సీలెంటు చిల్లుని తేలిగ్గా పూడుస్తుంది, అదొక అదనపు లాభం.

ముందు 25, వెనక 28 వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, బరువు ఎక్కువ పడేది వెనకే కాబట్టి అర్థం ఉంది. ఫ్రేము వెనక సందు ఇరుకుగా ఉంటే తిరగేసి ముందు 28, వెనక 25 వేసుకునేవాళ్ళూ ఉన్నారు, చేతులకి సుఖం.

నేను తిరిగే దారిని బట్టి చెప్పండి.

హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్, ఆ 23 కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, దాని మీదే తిరిగేవాళ్ళకి 25 అయినా బాధ లేదు. కానీ ఇంటి నుంచి ట్రాక్ దాకా తొక్కుకుంటూ రావాలి కదా, అసలు పరీక్ష అక్కడ. వికారాబాద్ అనంతగిరి కొండలకైతే 28 నుంచి 30, దిగేటప్పుడు మలుపుల్లో పట్టు బాగుంటుంది (అరకు దారిలో ఉన్న అనంతగిరికీ అంతే). వైజాగ్ నుంచి భీమిలి బీచ్ రోడ్డుకి 28, అంచుల్లో ఇసుక ఉన్నచోట జాగ్రత్త, దాన్లో 25 ఇట్టే కూరుకుంటుంది. బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు చేసేవాళ్ళకి 28 కనీసం, 32 ఉత్తమం. 200 కిలోమీటర్లకి 13న్నర గంటల గడువు ఉంటుంది, అక్కడ గెలిపించేది స్పీడు కాదు, పదో గంటలో కూడా నడుమూ చేతులూ పని చేయడం. రాత్రి పూట గుంత కనపడదు, అప్పుడు ఆ అదనపు నాలుగు మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది.

డాలస్‌లో ఉంటాను. ఇక్కడ రోడ్లు బాగుంటాయి కదా, 25 చాలదా?

ఊళ్ళో సరే. ఊరు దాటాక టెక్సస్ పల్లె రోడ్లు చాలావరకు తారు మీద కంకర చల్లి రోలరు తిప్పినవే, చూడ్డానికి చక్కగా ఉండి తొక్కితే ఒళ్ళంతా జిల్లుమంటుంది. 28 లేదా 32 వేసుకోండి.

బరువు పెరుగుతుంది కదా?

ఒకే మోడల్లో 25కీ 28కీ తేడా టైరుకి 25, 30 గ్రాములు. పొద్దున తిన్న ఇడ్లీలో ఒకటి తగ్గించండి.

ట్యూబులు కూడా మార్చాలా?

ట్యూబు డబ్బా మీద 18-25 అని ఉంటే 28కి మార్చండి, సాగదీసి పెడితే పలచబడి తొందరగా చిల్లు పడుతుంది. 25-32 అని ఉంటే మూడు సైజులకీ అదే నడుస్తుంది.

ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలా? టైరు పేలదా?

పొద్దున 30 డిగ్రీల్లో 80 కొట్టారనుకోండి, టైరు 50 డిగ్రీలకి వేడెక్కితే 86 దగ్గరికి వస్తుంది. ఆరు పీఎస్‌ఐకి మంచి టైరు పేలదు. ఎండలో నిలిపిన కారులో సైకిలు పెట్టి పేలిందంటే అప్పటికే పక్క చీలిన టైరో, అంచు సరిగ్గా కూర్చోనిదో అయ్యుంటుంది. రిమ్ము బ్రేకులతో ఘాట్ దిగేటప్పుడు మాత్రం బ్రేకు పట్టుకునే ఉండొద్దు, ఆ వేడి దీనికంటే చాలా ఎక్కువ. పట్టి వదలండి.

28 వేశాక మీటరు తక్కువ దూరం చూపిస్తోంది.

చక్రం సెన్సరైతే అంతే. చుట్టుకొలత 25కి 2105 మి.మీ., 28కి 2136, 32కి 2155 దగ్గర ఉంటుంది, సెట్టింగ్‌లో మార్చుకోండి. లేకపోతే వంద కిలోమీటర్లు తొక్కి 98న్నరకే లైకులు కొట్టించుకుంటారు. జీపీఎస్ వాడేవాళ్ళకి ఈ బాధ లేదు.

నాది హైబ్రిడ్ (తిన్నటి హ్యాండిల్ ఉండే సైకిలు), 38 టైర్లున్నాయి. సన్నవి వేస్తే రోడ్ బైకులా పోతుందా?

622 చక్రమైతే 32 దాకా దిగండి, నున్నటి టైరు ఎంచుకోండి, తేడా తెలుస్తుంది. కానీ ఆ తేడా ఎక్కువ భాగం గుబ్బల టైరు పోయి నున్నటి టైరు వచ్చినందుకే. మీరు నిటారుగా కూర్చునే తీరు మారదు కాబట్టి ఎదురుగాలి మారదు. 25 మాత్రం వద్దు, హైబ్రిడ్ రిమ్ములు కొన్నిటికి అది మరీ సన్నం.

ఇప్పుడున్న 25 టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. అరిగేదాకా ఆగనా?

ఆగండి. ఈలోగా గాలి పది తగ్గించి ఓ వారం తిరిగి చూడండి, మీ బాధ సగం అక్కడే తీరొచ్చు. అరుగుదల చూసే చిన్న గుంటలు మాసిపోయినా, మధ్యలో టైరు చదునుగా తయారైనా, పక్కన దారాలు కనిపించినా మార్చే టైమొచ్చినట్టు. అప్పుడు అలెన్ కీ తీసుకుని ఫ్రేము దగ్గర కూర్చోండి.